బుల్లితెరకు తాళం వేసే పెట్టె!

మన టి.వి.లో రోజూ అందరికంటే ముందు తెర మీదికి వచ్చిన తార ఎవరు? వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారా? ఆదివారం సినిమాలో హీరో గారా? పాత రోజులు గుర్తున్నవాళ్లు చటుక్కున చెప్పేస్తారు. ప్రోగ్రాములు మొదలు కాకముందే వచ్చేసి, ‘కూ...’ అని ఒకే శ్రుతిలో కూత పెడుతూ నిలబడే ఆ నిలువు చారలు! తెలుపు, పసుపు, నెమలికంఠం, ఆకుపచ్చ, రాణీ రంగు, ఎరుపు, నీలం, చివర నలుపు. మొత్తం ఎనిమిది.

వాటిని చూసి విసుక్కోని ఇల్లు లేదు. ‘ఇంకా చారలే వస్తున్నాయి’ అని వంటింట్లోకి కబురు చేరవేసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. కానీ ఆ చారల్ని ఏ కెమెరా తీయలేదు, ఏ ఆర్టిస్టూ గీయలేదు. స్టూడియోలో, ఏ.సి. గదిలో, ఇనుప ర్యాకులో బిగించి పెట్టిన ఒక పెట్టె వాటిని పుట్టించింది. దాని పేరు టెస్ట్ సిగ్నల్ జనరేటర్. దాని పక్కనే, చాలాచోట్ల దానితోనే కలిసి, ఇంకొకటి ఉంటుంది. అది సింక్ పల్స్ జనరేటర్. స్టూడియో వాళ్లు పొట్టిగా ఎస్.పి.జి. అంటారు.

సినిమా పత్రికలో ఈ పెట్టెల గొడవ మాకెందుకయ్యా అంటారేమో! హీరోయిన్ బుగ్గల రంగు బుల్లితెర మీద నిలిచిందన్నా, పాట మధ్యలో బొమ్మ అదరలేదన్నా ఆ పుణ్యంలో సగం వీటిదే. తెర ముందు వాళ్ల గురించి ఎప్పుడూ చదువుతూనే ఉంటాం. ఈ వారం తెర వెనక, ఇంకా వెనక, ర్యాకులో కూర్చున్న ఈ కళాకారుల్ని పరిచయం చేసుకుందాం. నాకు వీటిని పరిచయం చేసింది టి.వి. స్టూడియోల్లో మూడు దశాబ్దాలు పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు గారు. ‘పేరెందుకులే బాబూ, పెట్టె గురించి రాయి చాలు’ అన్నారాయన.

ఒక్క కెమెరా అయితే గొడవే లేదు

సినిమా ఫిలిం మీద బొమ్మ మొత్తం ఒక్కసారే పడుతుంది. టి.వి. సంగతి వేరు. మనం పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి ఒక వరస, దాని కింద ఇంకో వరస, అలా బొమ్మను గీసుకుంటూ పోతుంది. మన దేశంలో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతిలో ఒక్కో బొమ్మకు 625 వరసలు. సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 వరసలు! సెకనును పదిలక్షల ముక్కలు చేస్తే, ఒక్కో వరసకు దక్కేది అందులో 64 ముక్కలు మాత్రమే.

ఒక్క కెమెరాతో పనైతే ఇబ్బంది లేదు. కానీ కచేరీ ఉందనుకోండి. ఒక కెమెరా గాయని ముఖం మీద, ఇంకోటి వీణ మీటే వేళ్ల మీద. మొదటి కెమెరా 300వ వరస గీస్తుండగా రెండోది 40వ వరసలో ఉంటే? డైరెక్టర్ ‘టూ’ అనగానే బొమ్మ మారుతుంది. ఇంట్లో మీ టి.వి.కి మాత్రం మతి పోతుంది. అది 301వ వరస కోసం ఎదురుచూస్తుంటే 41వ వరస వచ్చి పడుతుంది. బొమ్మ గిర్రున పైకో కిందికో దొర్లుతుంది. ఇక గాయని ముఖం మెల్లగా కరిగి వీణలో కలిసిపోయే మిక్సింగ్ షాటు మాట మరిచిపోవాల్సిందే.

సినిమా వాళ్లకు ఈ బాధ లేదు. నాలుగు కెమెరాలతో తీసినా, క్లాప్ కొట్టి తీసిన ఫిలింను తర్వాత మూవియోలా ముందు కూర్చుని తీరిగ్గా కత్తిరించి అతికించుకునేవారు. లైవ్ ప్రోగ్రాంలో కత్తెర కూడా లైవే కదా!

అందుకే స్టూడియోలోని కెమెరాలు, టెలిసినీలు, స్లైడు స్కానర్లు, మిక్సర్లు అన్నీ ఒకే క్షణంలో ఒకే వరస మొదలుపెట్టాలి. ఆ ‘మొదలు’ చెప్పేది ఎస్.పి.జి. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ల బృందం ముందు నిలబడి చేతులు ఊపే కండక్టర్‌ను గుర్తు తెచ్చుకోండి. ఆయన ఏ వాద్యమూ వాయించడు. కానీ ఆయన చెయ్యి ఆగితే పాటే ఆగిపోతుంది. ఇంజనీర్ల భాషలో ఈ కట్టుబాటును జెన్‌లాక్ అంటారు. మన భాషలో పాటకు వేసేదీ తాళమే, తలుపుకు వేసేదీ తాళమే. ఈ పెట్టె వేసేది రెండూనూ!

రూపాయిలో ముప్పై పైసలు

తాళం స్టూడియోలో వేస్తే చాలదు. అది మీ ఇంటిదాకా రావాలి. స్టూడియో నుంచి వెళ్లే వీడియో సిగ్నల్ మొత్తం ఒక వోల్టు. దాన్ని రూపాయి అనుకుంటే, బొమ్మకు ఇచ్చేది డెబ్బై పైసలే. మిగతా ముప్పై పైసలు సింక్ పల్సులకే ఖర్చు! ఒక్కో వరసకు ఉన్న ఆ 64 ముక్కల కాలంలో కూడా బొమ్మకు దక్కేది 52. మిగిలిన 12 ‘కొత్త వరస మొదలెట్టు’ అనే సైగకు, రంగు లెక్క చెప్పే చిన్న గుర్తుకు పోతాయి. ప్రేక్షకుడు ఎన్నడూ చూడని దాని కోసం ఇంత ఖర్చు పెట్టారంటే ఆ సైగ విలువ ఎంతో ఆలోచించండి.

పాత టి.వి.ల మీద ‘వర్టికల్ హోల్డ్’ అని ఒక బిరడా ఉండేది. బొమ్మ దొర్లుతుంటే నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పేవారు. స్టూడియో వేసిన తాళాన్ని ఇంట్లో టి.వి. అందుకోలేకపోతున్నప్పుడు చేసే చిన్న సాయమే అది.

మరి తాళం వేసే పెట్టె కాలం ఎవరిని అడుగుతుంది? లోపల ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. మన దేశం ఎంచుకున్న పాల్ పద్ధతిలో రంగును మోసే తరంగం సెకనుకు 44,33,618.75 సార్లు కొట్టుకోవాలి. ఆ ముప్పాతికతో సహా! తేడా ఐదుకు మించి రాకూడదని నియమం. అంటే చేతి గడియారమైతే పది రోజులకు ఒక్క సెకను తప్పడం అన్నమాట. ఎండకు, చలికి స్ఫటికం లయ మారుతుంది. అందుకని దాన్ని ఒక బుల్లి పొయ్యిలో పెట్టి ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచుతారు. స్టూడియో అంతా ఏ.సి. చలికి వణుకుతుంటే, ఈ గింజంత స్ఫటికం మాత్రం వెచ్చగా కూర్చుని లెక్క పెడుతూ ఉంటుంది.

ఒక్క మీటరు కేబుల్ చేసే అల్లరి

ఇంజనీరు గారు ఇంకో తమాషా చెప్పారు. సిగ్నల్‌కు కేబుల్‌లో మీటరు దూరం పోవడానికి సెకనులో వందకోట్ల వంతులు ఐదు పడుతుంది. అదో లెక్కా అనుకుంటాం. కానీ పాల్ రంగు తరంగం ఒక్క చుట్టు తిరగడానికి పట్టేది అలాంటి వంతులు 226 మాత్రమే. అంటే ఒక్క మీటరు కేబుల్ ఎక్కువైతే రంగు చక్రంలో ఎనిమిది డిగ్రీలు పక్కకు జరిగినట్టే! రెండు కెమెరాల బొమ్మలు మిక్సర్‌లో కలిసేచోట ఆ తేడా బయటపడుతుంది. ఒక కెమెరాలో నిండుగా ఉన్న ఎర్ర పట్టుచీర ఇంకో కెమెరాలో వెలిసిపోయినట్టు కనపడొచ్చు.

‘మేం కేబుళ్లను దర్జీలా కొలిచి కత్తిరించేవాళ్లం బాబూ. దగ్గరున్న కెమెరాకు చుట్టలు చుట్టి మరీ పొడుగు కేబులే ఇచ్చేవాళ్లం. చూసినవాళ్లు దండగ అనేవారు’ అని నవ్వారాయన.

క్షమాపణ కూడా చెప్పలేని రాత్రి

ఆయన నవ్వు ఆగిపోయిన కథ ఒకటుంది. ఏ ఊరు, ఏ కేంద్రం అని అడగొద్దన్నారు. లైవ్‌లో సంగీత కార్యక్రమం నడుస్తోంది. ఉన్నట్టుండి కంట్రోల్ రూమ్‌లోని మానిటర్లన్నీ ఒక్కసారే చీకటయ్యాయి. ఒక కెమెరా పోతే ఇంకో కెమెరాకు మారతారు. అన్నీ ఒకేసారి పోవడమంటే అర్థం ఒక్కటే. ఎస్.పి.జి. పోయింది! ఆ కాలపు కెమెరాలు ఆ పెట్టె పంపే పల్సుల మీదే నడిచేవి. అది ఆగితే అవి గుడ్డివే.

‘అంతరాయానికి చింతిస్తున్నాం అన్న స్లైడు వేయలేకపోయారా సార్?’ అని అడిగాను.

‘ఆ స్లైడు చూపించే స్కానర్‌కు కూడా తాళం వేసేది ఆ పెట్టే కదా! ఇంక చింతించడానికి కూడా దిక్కు లేదు’ అన్నారు.

గదిలో రెండో ఎస్.పి.జి. ఉంది. కానీ తనంతట తాను మారే ఏర్పాటు అక్కడ లేదు. ఆయన చీకట్లో ర్యాకు దగ్గరికి పరుగెత్తి చేత్తో స్విచ్చి మార్చారు. పట్టింది నిమిషం లోపే. స్టూడియోలో ఆ గాయని మాత్రం ఏమీ తెలియకుండా కళ్లు మూసుకుని పాడుతూనే ఉంది. ఊళ్లో ఎంతమంది మేడల మీదికి ఎక్కి యాంటెన్నాలు తిప్పేశారో!

తర్వాతి కాలంలో మంచి స్టూడియోల్లో రెండు ఎస్.పి.జి.లు, వాటి మధ్య కాపలాదారులా ఒక ఛేంజోవర్ పెట్టె తప్పనిసరి అయ్యాయి. ఒకటి తడబడితే రెండోది అందుకుంటుంది, చూసేవాడికి తెలియకుండా. సినిమాలో డూప్ లాగే. అందుకే ఆ డూప్‌ను కూడా ఎవరూ చూడలేదు!

చారల్లో చదువు

ఇప్పుడు మన ఎనిమిది చారల దగ్గరికి వద్దాం. అవి ఆ వరసలోనే ఎందుకుంటాయి? వెలుగు ఎక్కువ దాని నుంచి తక్కువ దానికి మెట్లు దిగుతాయి కాబట్టి. మన కంటికి తెలుపులో ఆకుపచ్చ వాటా నూటికి 59, ఎరుపు వాటా 30, నీలం వాటా 11 అని టి.వి. లెక్క. ఆ లెక్కన పసుపుది 89, నెమలికంఠానిది 70, అలా దిగుతూ చివరికి నీలానిది 11. 1982లో ఆగస్టు 15న దూరదర్శన్‌లో రంగులు వచ్చినప్పుడు, ఆ ఏడాది నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు రంగుల్లో ప్రసారమైనప్పుడు చాలా ఇళ్లలో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ సెట్లే. వాళ్లకు ఈ చారలు తెలుపు నుంచి నలుపుకు దిగే బూడిద రంగు మెట్లలా కనిపించేవి. ఆ మెట్లు సరిగ్గా ఉంటే కాంట్రాస్టు సరిగ్గా ఉన్నట్టు.

ఇంకో కిటుకు. స్టూడియో మానిటర్ మీద నీలం మాత్రమే చూపించే మీట ఉంటుంది. అది నొక్కితే ఒకటి, మూడు, ఐదు, ఏడు చారలు నీలంగా వెలిగి, మిగతావి నల్లబడాలి. అలా కాలేదంటే రంగులో కల్తీ ఉన్నట్టే. వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి తెర మీదైతే ఒక్కో రంగుకూ ఒక చిన్న గడి గీసి ఉంటుంది. చారల సిగ్నల్ పంపితే వెలుగు చుక్కలు వెళ్లి ఆ గళ్లలో కూర్చోవాలి. కంటితో చూసి ‘బాగానే ఉంది’ అంటే కుదరదు. కంటికి అలవాటు మీద అన్నీ బాగానే ఉంటాయి. చారలకు మాత్రం మొహమాటం లేదు.

అమెరికా వాళ్ల ఎన్.టి.ఎస్.సి. పద్ధతిని ‘ఏ రెండుసార్లూ ఒకే రంగు రాదు’ అని అక్కడి ఇంజనీర్లే వేళాకోళం చేసేవారు. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన వాల్టర్ బ్రూఖ్ 1960ల మొదట్లో రూపొందించిన పాల్ పద్ధతి ఆ జబ్బును చాలావరకు తగ్గించింది. అయినా చారలు పెట్టి సరిచూసుకునే పని తప్పలేదు.

ఏ తారకూ దక్కని రికార్డు

చారలు యంత్రానికి బాగుంటాయి. మరి మనిషి ముఖం? ఆకాశం కాస్త అటూ ఇటూ అయినా ప్రేక్షకుడు పట్టించుకోడు. ముఖం రంగు మారితే మాత్రం ఇట్టే పట్టేస్తాడు. అందుకే బ్రిటన్‌లో బి.బి.సి. ఇంజనీరు జార్జ్ హెర్సీ 1967లో రంగుల టి.వి. కోసం తయారుచేసిన టెస్ట్ కార్డ్ ఎఫ్ నడి మధ్యలో తన ఎనిమిదేళ్ల కూతురు కెరోల్ ఫోటో పెట్టారు. పెద్దవాళ్ల దుస్తులు, మేకప్ రెండేళ్లకే పాతబడతాయి. చిన్నపిల్లకు ఆ భయం లేదు. పక్కన బబుల్స్ అనే విదూషకుడి బొమ్మ. పాప ఆడుతున్న పలక ఆటలోని ఇంటూ గుర్తు ఊరికే పెట్టింది కాదు. సరిగ్గా తెర నడిబొడ్డు అక్కడే! ప్రోగ్రాములు లేని వేళల్లో ఆ పాప తెర మీద ఉన్న కాలం మొత్తం 70,000 గంటల దాకా ఉంటుందని అంచనా. డైలాగు లేదు, డాన్సు లేదు. కదలకుండా కూర్చుని ఇన్ని గంటలు నటించిన తార ఇంకెవరున్నారు?

అదే రోజుల్లో డెన్మార్క్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో ఫిన్ హెండిల్ అనే ఇంజనీరు ఇంకో దారి తొక్కారు. ఫోటో లేదు, స్లైడు లేదు. గళ్ల మధ్య పెద్ద వృత్తం, అందులో రంగులు, గీతలు. అంతా సర్క్యూట్లే పుట్టించాయి. దాని పేరు పి.ఎం. 5544. అది ఎన్నో దేశాల టి.వి. తెరల మీద వెలిగింది. వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తే మీ టి.వి. వంకరగా ఉన్నట్టు. అంత తేలిక!

సినిమా ఆరు నిమిషాలు ఏమైంది?

సినిమా అభిమానులకు ఒక పొడుపు కథ. థియేటర్‌లో 150 నిమిషాలు ఆడిన సినిమా, ఒక్క అడుగు కూడా కత్తిరించకపోయినా, దూరదర్శన్‌లో 144 నిమిషాలకే అయిపోయేది. ఎందుకు? సినిమా సెకనుకు 24 బొమ్మలు. మన టి.వి. తాళం సెకనుకు 25. టెలిసినీ యంత్రం కూడా ఎస్.పి.జి. తాళానికే నడవాలి కాబట్టి సినిమానే కాస్త జోరుగా నడిపేసేవారు! దాంతో పాట శ్రుతి కూడా కొద్దిగా పెరిగేది. ఘంటసాల గారి పాటైనా సరే, ఒక స్వరస్థానానికి కాస్త తక్కువగా పైకి జరిగి వినిపించేది. శ్రుతిపెట్టె దగ్గర పెట్టుకున్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

దీనికి తిరగబడ్డ కథ షూటింగులో ఉండేది. సీనులో టి.వి. సెట్టు ఉందంటే కెమెరామన్‌కు తలనొప్పే. 24 బొమ్మల కెమెరాతో 25 బొమ్మల తెరను తీస్తే, తెర మీద నల్లటి పట్టీ పాకుతూ కనిపిస్తుంది. ఆ సీనుకు కెమెరాను 25కు మార్చి, టి.వి.తో తాళం కలిపి తీయాల్సి వచ్చేది.

తాళం మారింది, అవసరం మారలేదు

ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ ప్రోగ్రాములే. చారలు వేసే ఖాళీ ఏది? దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా 2022 నాటికి దాదాపు అన్నీ మూతపడ్డాయి. పాత ఎస్.పి.జి.లు చాలాచోట్ల తుక్కు కింద తూకానికి వెళ్లిపోయాయి. వాటి ముందు కూర్చుని, గీతల వంపు చూసి జబ్బు చెప్పగలిగిన చేతులు కూడా రిటైరయ్యాయి.

అలాగని తాళం అవసరం పోయిందా? ఎక్కువైంది! బయటి నుంచి వచ్చే బొమ్మల్ని పట్టి ఉంచి, స్టూడియో లయకు విడిచిపెట్టే ఫ్రేమ్ సింక్రొనైజర్లు 1970ల నుంచే ఉన్నాయి. ఇప్పటి కొత్త స్టూడియోల్లో బొమ్మలు కంప్యూటర్ నెట్‌వర్కు మీద పొట్లాలుగా నడుస్తాయి. వాటి గడియారాలు పీటీపీ అనే పద్ధతిలో కలుస్తాయి. ఆ గడియారం కాలం అడిగేది ఆకాశంలోని జి.పి.ఎస్. ఉపగ్రహాలను! పొయ్యిలోని స్ఫటికం పోలేదు. దాని మీద ఇంకో పెద్ద గురువు కూర్చున్నాడంతే.

మన తెలుగు సినిమాకు ఇది మరీ దగ్గరైంది. హైదరాబాదు అన్నపూర్ణా స్టూడియోలో అక్కినేని వారి పేరిట వర్చువల్ ప్రొడక్షన్ స్టేజి వచ్చింది. అలాంటి చోట పెద్ద ఎల్.ఇ.డి. గోడ మీద కొండలూ కోటలూ కదులుతుంటే, నటుడు దాని ముందు నిలబడి నటిస్తాడు. గోడ, కెమెరా, కెమెరా కదలికను కనిపెట్టే సెన్సర్లు, బొమ్మ గీసే కంప్యూటర్లు ఒకే తాళానికి నడవాలి. లేదంటే కోట మీద చారలు పాకుతాయి, నటుడు ఒకవైపు కదిలితే కొండ ఆలస్యంగా కదులుతుంది. పాత స్టూడియోలో రెండు కెమెరాలకు వచ్చిన చిక్కే ఇది. కోట్ల ఖర్చు మీద కూర్చుని మళ్లీ వచ్చింది!

‘ఈ కాలం పిల్లలు కొత్త యంత్రాలు చకచకా నేర్చేసుకుంటారు. తాళం తప్పినప్పుడు ఎక్కడ వెతకాలో మాత్రం ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. మాకు అలాగే చెప్పారు’ అన్నారు ఇంజనీరు గారు. తన నోట్సు పుస్తకాలు నాలుగు చూపించారు. కేబుళ్ల పొడుగులు, డిగ్రీలు, గీతల బొమ్మలు, అన్నీ చేత్తో గీసినవి. ఇన్నేళ్లలో అడిగి తీసుకెళ్లినవాళ్లు లేరట. ఏదైనా స్టూడియో వాళ్లో, ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లో అడిగితే సంతోషంగా ఇస్తానంటున్నారు. అడగవలసినవాళ్లు ఈ ముక్క చదువుతారని నా ఆశ.

ఈసారి తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ లైవ్ చూస్తున్నప్పుడు ఒక్క సంగతి గమనించండి. స్వామివారి ముఖం మెల్లగా కరిగి మాడ వీధుల్లోని జనసముద్రంలో కలిసిపోతుంది. తెర అదరదు. రంగు చెదరదు. ఆ క్షణంలో ఎక్కడో ఒక ర్యాకులో ఒక పెట్టె తాళం వేస్తూనే ఉంటుంది, రెండోది దాని పక్కనే కాచుకుని ఉంటుంది.